నీలిమందు చల్లిన మట్టి

పోయిన వారం మట్టి మేడమ్‌ని ఎండలో, కొత్తగా పూడ్చిన నేల మధ్య, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో గుప్పెడంత మట్టిగడ్డ ఉంది. అది ఒక పక్కన నీలంగా ఉంది.

ఇవాళే కథలో కాలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఊరి నడిబొడ్డున ఒకప్పుడు బ్యాటరీల కార్ఖానా ఉండేది. ఏళ్ళ తరబడి చుట్టుపక్కల వీధులన్నిటికీ తిండి పెట్టింది, ఆ వీధుల నేలనిండా సీసం పోసింది, ఒకనాడు గేటుకి తాళం వేసుకుని వెళ్ళిపోయింది. యజమానులు ఎటు పోయారో వాళ్ళకే తెలియాలి. సీసం మాత్రం ఎటూ పోలేదు. ఆ నేలను బాగుచేసి, కొత్త ఇళ్ళు కట్టి, ఆ వీధులవాళ్ళకే మళ్ళీ ఇవ్వాలని నిర్ణయమైంది. అప్పటిదాకా వాళ్ళను రైలుకట్ట పక్కన రేకుల గదుల్లో పెట్టారు. తాత్కాలికం అన్నారు. మూడేళ్ళయ్యేసరికి ఆ తాత్కాలికానికి గడ్డాలూ మీసాలూ మొలిచాయి.

మన మేడమ్ ఆ వీధుల పిల్లే. తండ్రి ఆ కార్ఖానాలో సీసం కరిగించినవాడు. ఆ సీసం ఒంట్లో చేరి ఇప్పుడాయన చేతులు మణికట్టు దగ్గర వేలాడిపోయి, మంచినీళ్ళ గ్లాసు కూడా ఇంకొకరు పట్టాలి. కూతురు చదువుకుని వచ్చి అదే నేలకు అధికారి అయింది. "ఈ నేల బాగుంది, దీనిమీద పిల్లలు ఆడుకోవచ్చు" అని సంతకం పెట్టాల్సింది ఆమె. రేపు పొద్దున పెట్టాలి. అది పెడితేనే జనానికి ఇంటి తాళాలు చేతికొస్తాయి. చెడ్డ మట్టిని తవ్వి ఊరవతలి యార్డుకి తోలిందీ, అక్కడినుంచి మంచి మట్టి తెచ్చి పోసిందీ ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు. ఆ పని అతనికి దక్కడంలో ఆమె చెయ్యి లేదు. ఉందనేవాళ్ళు అంటూనే ఉన్నారు.

ఇక నీలం సంగతి. చెడ్డ మట్టికీ మంచి మట్టికీ చూపులకు తేడా ఉండదు, రెండూ మట్టే. అందుకని మేడమ్ మొదటి నెలలోనే ఒక పద్ధతి పెట్టింది. తవ్విన చెడ్డ మట్టి ఏ బండిలోకి ఎక్కినా, దానిమీద దోసెడు నీలిమందు చల్లాలి. మనం తెల్లబట్టలకు పెట్టుకునే నీలిమందే. పొరపాటున ఎక్కడ కలిసినా, తడి తగలగానే అదే బయటపడుతుందని ఆమె ఆలోచన. "మట్టికి చలవ చేయిస్తున్నారా మేడమ్?" అని పై ఆఫీసు పెద్ద సారు అందరిముందూ నవ్వాడు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది.

ఇవాళ రోలరు తొక్కేముందు ట్యాంకరు నీళ్ళు చల్లింది. రేపు పిల్లలు ఆడుకోబోయే స్థలంలో, మంచి మట్టిలో, నీలం తేలింది.

*

"తొక్కమంటారా మేడమ్, ఆగమంటారా?" రోలరు డ్రైవరు సీట్లోంచి కేకేశాడు.

"ఆగు."

"ఈ వారంలో ఆగడమే గానీ తొక్కింది లేదు."

"ఇంకాసేపు ఆగితే నీ రోలరేం అరిగిపోదులే."

అతను టోపీ మొహం మీదికి లాక్కుని నడుం వాల్చాడు. మేడమ్ చిన్న పార తీసుకుని కొంచెం అవతల తవ్వింది. ఒక్కచోటే అయి ఉంటే బాగుండునని ఆశ. సీసాలో నీళ్ళు పోసింది. మట్టి నల్లబడింది, ఇంకొంచెం పోసేసరికి సన్నగా నీలం చార పాకింది. మరోవైపుకి వెళ్ళి తవ్వింది. అక్కడా అంతే. ఎక్కువేం లేదు. గోరంత గడ్డలు, అక్కడక్కడా చారలు. కానీ చూసిన ప్రతిచోటా ఉంది.

ఆమె అక్కడే కూలబడింది. కోపం కూడా రాలేదు, అంత అలసిపోయి ఉంది. మూడేళ్ళుగా ఈ మట్టే తిండీ నిద్రా అయింది. తలలో మట్టి, చెప్పుల్లో మట్టి, చివరికి పక్కబట్టల్లోనూ మట్టి. ఇంకొక్క రోజు గడిస్తే తనూ మనుషుల్లో పడేది. ఇప్పుడు ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఒక పాడు ఆలోచన వచ్చింది. ఆ గడ్డను కాలితో నలిపేస్తే పోతుంది. రోలరు తొక్కితే ఇంకా బాగా పోతుంది. ఎవరూ చూడలేదు, రోలరువాడు గుర్రు పెడుతున్నాడు.

ఆ ఆలోచన తెగేలోపే ఫోను మోగింది. అక్క.

"సామానంతా కట్టేశానే! స్టవ్వూ, రెండు గిన్నెలూ మిగిలాయి, అంతే. నాన్న పొద్దుటినుంచీ కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. రేపటికి ఇప్పుడే ఎందుకయ్యా అంటే వినడు."

మేడమ్ "ఊఁ" అంది.

"ఇదిగో, నీ ముద్దుల బుడంకాయ సంగతి విన్నావా? మళ్ళీ నీలిమందు డబ్బా కాజేసింది. చేతులు చూసేసరికి ఒళ్ళు మండిపోయింది నాకు. రెండు అంటించాను. ఎక్కడ దాచినా ఎలా కనిపెడుతుందో, దాని దుంప తెగ!"

"కడుపునొప్పి తగ్గిందా?" అక్క కూతురి కడుపునొప్పి సంగతి మేడమ్ మర్చిపోలేదు.

"ఎక్కడ తగ్గింది? ముద్ద నోట పెట్టదు. ఏమంటే ఏడుపు. పైగా నిన్నటినుంచి కొత్త వేషం మొదలెట్టింది, తాతయ్యలాగే చెయ్యి వేలాడేసుకుని తిరుగుతోంది. ముసలాయన్ని అలా వెక్కిరించొచ్చా చెప్పు? దానికీ ఒకటి తగిలించాను. ఈ రేకుల వేడికి పిల్లలకు పిచ్చెక్కుతోందే. రేపు ఇల్లు మారామంటే అన్నీ అవే సర్దుకుంటాయి."

"బావెక్కడ?"

"నీ దగ్గరికే వస్తున్నాడు. పనైపోయిందని మీసం మెలేసుకుంటూ బయల్దేరాడు. నువ్వు వింటున్నావా లేదా, అలా ముక్తసరిగా మాట్లాడతావేం?"

"ఎండలో ఉన్నాను అక్కా. పెట్టేస్తున్నా."

గడ్డను జేబురుమాల్లో చుట్టుకుని ఆమె ఆఫీసు షెడ్డుకేసి నడిచింది. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు రేకులు, ఒక బల్ల, గిర్రున తిరుగుతూ గాలి మాత్రం ఇవ్వని ఒక ఫ్యాను.

*

బావ లోపలికి వస్తూనే కుర్చీ లాక్కున్నాడు. మనిషి భారీగా ఉంటాడు, కుర్చీ మూలిగింది.

"ఏం మరదలా, మొహం అలా పెట్టావు? రేపటినుంచి నువ్వు నాకు మేడమ్‌వీ కాదు, నేను నీకు కాంట్రాక్టర్నీ కాదు. హాయిగా బావా మరదళ్ళం. ఒక టీ అయినా చెప్పవా?"

మేడమ్ జేబురుమాలు విప్పి గడ్డను బల్లమీద పెట్టింది.

అతను దాన్ని చూశాడు. బొటనవేలు తడి చేసుకుని గడ్డ మీద రుద్దాడు. వేలికి నీలం అంటింది. మొహంలో నవ్వు ఉన్నచోటే ఉంది గానీ, కళ్ళల్లోంచి పోయింది.

"ఎక్కడిది?"

"ఆటస్థలంలోది. ఒకచోట కాదు, తవ్విన ప్రతిచోటా ఉంది."

"ఎవడో కావాలని చల్లి ఉంటాడు. మనమంటే కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళకు కొదవా?"

"బావా. నా మొహం చూసి చెప్పు."

అతను చూడలేదు. తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు, చెవులు తుడుచుకున్నాడు, ఆఖరికి తుడవడానికి ఏమీ మిగల్లేదు.

మీకు ఇక్కడ అతని గురించి ఒక మాట చెప్పాలి. ఇతను దొంగ కాదు. మరదలికి సైకిలు నేర్పింది ఇతనే, పరీక్షలప్పుడు కాలేజీ గేటు ముందు బండి పెట్టుకుని సాయంత్రందాకా కాపలా కాసింది ఇతనే. మామగారికి రోజూ గడ్డం గీసేదీ ఇతనే. కాకపోతే టిప్పర్లవాడు. ఖాళీ బండి తోలడమంటే అతనికి తలవంపులు. వెళ్ళే బండి నిండుగా వెళ్ళాలి, వచ్చే బండి నిండుగా రావాలి. చెడ్డ మట్టి మోసుకెళ్ళిన తొట్టిలోనే మంచి మట్టి తెస్తానని మొదట్లో అడిగినప్పుడు, మేడమ్ ఒక షరతు మీద ఒప్పుకుంది. యార్డులో తొట్టి కడిగాకే మంచి మట్టి ఎక్కించాలి.

"కడుగుతానని మాటిచ్చావు," అంది మేడమ్.

"కడిగాం. ఎండలు ముదిరేదాకా కడిగాం. తర్వాత యార్డులో నీళ్ళు ఎండిపోయాయి. అక్కడ తాగడానికే లేవు, బండ్లకెక్కడివి? వంతు కోసం నిలబడితే పొద్దు గూకేది."

"మరి?"

"చీపుళ్ళు పెట్టి ఊడ్చాం. గట్టిగానే ఊడ్చాం. మూలల్లో నాలుగు గడ్డలు అంటుకుని ఉంటాయి, అంతకంటే ఏం లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి?"

ఆమె బల్లమీది గడ్డను తనవైపు లాక్కుంది.

"పని ఆపేసేదానివి. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆపితే ఎవరికి నష్టం? మీ అక్క ఇంకో ఎండాకాలం ఆ రేకుల కింద ఉడకాలి. మీ నాన్న కొత్తింటి గడప తొక్కకుండానే పోవాలి. వాళ్ళందరి ఉసురూ నేను మూటగట్టుకోవాలా? పిడికెడు మట్టి కోసమా?"

"పిడికెడే బావా. కానీ దాంట్లో ఆడేది ఎవరు? పాకే పిల్లలు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునేవాళ్ళు. నాన్న చేతులు రోజూ చూస్తూనే ఉన్నావుగా."

"ఆయన ఒక జీవితకాలం సీసం కరిగించాడు."

"పిల్లలకు అంతకాలం అక్కర్లేదు. చిన్న ఒళ్ళు వాళ్ళవి."

ఫ్యాను కీచుమంటూ తిరిగింది. బయట రోలరు డ్రైవరు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు వింటే ఇద్దరికీ అసూయ వేసింది.

"రేపు నేను సంతకం పెట్టను," అంది మేడమ్. "పోసిందంతా తియ్యాలి. మళ్ళీ పొయ్యాలి."

అతను బల్ల గుద్దుతాడనీ, కేకలేస్తాడనీ ఆమె అనుకుంది. దానికి సిద్ధపడి కూడా ఉంది. అతను మాత్రం బరువు దించేసిన కూలీలాగా వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"పెట్టకు. నాకూ విసుగొచ్చేసింది. రోజూ ఈ నీలం ఎప్పుడు బయటపడుతుందా అని గుండె పీచుపీచుమంటూనే ఉంది. పడింది, పీడా పోయింది. మీ అక్కకు మాత్రం నువ్వే చెప్పు. మీ నాన్నకూ నువ్వే చెప్పు. నా వల్ల కాదు."

"చెబుతాను."

"కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడాయన."

"తెలుసు. చెబుతానన్నానుగా."

మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కళ్ళల్లో తిరుగుతున్న నీళ్ళు అతనికి కనబడకూడదని. కిటికీలోంచి కొత్త ఇళ్ళు కనబడుతున్నాయి. రంగులేసి, తలుపులు పెట్టి, మనుషుల కోసం ఎదురుచూస్తున్నాయి. మూడో అంతస్తులో మూలది నాన్నకు రావాల్సింది.

వెనకనుంచి బావ గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి అందులో కొంచెం పౌరుషం ఉంది.

"అన్నీ పడతాను గానీ ఒక్కమాట పడను. నా బండ్లు మురికివని మాత్రం ఎవరిచేతా అనిపించకు. పగలు ఊడ్చి ఊరుకున్నామే గానీ, సాయంత్రమయ్యేసరికి బండి బండీ గీకించి, గొట్టం పెట్టి కడిగించి, అద్దంలా చేసి పెట్టాను. నా డ్రైవర్లు గునపంతో మూలలు గీకేవాళ్ళు తెలుసా? తిండికి కూడా లేచేవాళ్ళు కాదు, అది అయ్యేదాకా."

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. సగం విన్నాక చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడ?" అంది.

"ఎక్కడేంటి?"

"సైట్లో బండ్లు కడగొద్దని నేనే చెప్పాను, నీళ్ళు వీధి కాలవలోకి పోతాయని. యార్డులో నీళ్ళు లేవని నువ్వే చెప్పావు. మరి సాయంత్రాలు ఎక్కడ కడిగారు?"

"ఇంటిదగ్గర. బండ్లు పెట్టేది అక్కడేగా. గదుల ముందు కొళాయి ఉంది, ధార బాగా వస్తుంది." అతనికి ఇంకా అర్థం కాలేదు. తప్పు చేసినచోట ఒప్పుకున్నాడు గదా, ఒప్పు చేసినచోట మెప్పు రావాలని చూస్తున్నాడు. "ఆ గీకిన మట్టయినా పారబొయ్యలేదు. గదుల ముందు గుంట పడి నీళ్ళు నిలుస్తున్నాయని మీ అక్క నా ప్రాణం తోడేస్తుంటే, అందులోనే పోయించి, చదును చేయించాను. ఇప్పుడు చూడు, చాపలా ఉంటుంది. పిల్లలంతా పొద్దస్తమానం దాని మీదే..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది.

మరదలు అతనివైపు తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.  అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది.

*

దారిలో బండి సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా అతను స్టీరింగు మీద అరచేత్తో కొట్టుకుంటున్నాడు. మేడమ్ రేకుల గదుల్ని తలుచుకుంటోంది. ఎన్నిసార్లు వెళ్ళింది అక్కడికి? ఆదివారం ఆదివారం వెళ్ళేది. ఆ చదును నేల మీద కుర్చీ వేసుకుని, టీ తాగి, అబ్బ, ఇక్కడ బురద తగ్గిందే అని మెచ్చుకుని మరీ వచ్చింది. ఊరందరి మట్టినీ వేలితో తడిమి చూసే మనిషి, కాళ్ళకింది మట్టిని చూసుకోలేదు. చూసుకోవాలని తోచనైనా లేదు, అది ఇల్లు గదా.

వాళ్ళు దిగేసరికి ఎండ తగ్గి, గదుల నీడలు బారుగా సాగుతున్నాయి. గుమ్మాల ముందు మూటలు, చుట్టిన పరుపులు, తలకిందులుగా పెట్టిన బల్లలు. అందరి మొహాల్లో పెళ్ళికళ. "మేడమ్ వచ్చింది! తాళాలు తెచ్చిందేమో అడగండర్రా!" అని ఎవరో అరిచారు. ఆ మాటకు ఒకామె చప్పట్లు కొట్టింది.

నాన్న గుమ్మంలో కొత్త చొక్కాతో కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి నవ్వాడు.

కొళాయి పక్కన, చాపలాంటి ఆ నేల మీద, పిల్లలు గుంపుగా కూర్చుని మట్టితో ఇళ్ళు కడుతున్నారు. మూడంతస్తుల ఇళ్ళు. కొళాయి నుంచి నీళ్ళు తెచ్చి పిసుకుతున్నారు. ఎవరి వాటా ఎక్కడో పంచుకుంటూ పోట్లాడుకుంటున్నారు. మేడమ్ వంగి, తడి మట్టిని వేళ్ళతో విప్పింది. ఇక్కడ చారలు కాదు. ముద్ద ముద్దంతా నీలమే.

"లేవండి! అందరూ లేవండి! ఒక్కరూ అక్కడ కూర్చోవద్దు. ఏవీ, మీ చేతులు చూపించండి!"

గొంతు విని పిల్లలు బెదిరిపోయారు. తర్వాత ఇదేదో ఆటనుకుని ఒక్కొక్కరే లేచి చేతులు చాపారు. అరచేతి గీతల్లో నీలం, గోళ్ళ కింద నీలం. ఒక పసివాడి పెదాల చుట్టూ నీలం.

బుడంకాయ మాత్రం చేతులు వెనక్కి దాచేసుకుంది. అయిదేళ్ళ పిల్ల, బుగ్గలు ఏడ్చి ఏడ్చి చారలు కట్టి ఉన్నాయి.

"నేను డబ్బా తియ్యలేదు పిన్నీ. ఒట్టు. అమ్మ ఊరికే కొట్టింది."

"తెలుసురా బంగారం. నువ్వు తియ్యలేదని నాకు తెలుసు."

ఈలోగా అక్క గదిలోంచి వచ్చింది, చేతిలో సగం కట్టిన మూటతో. "ఎందుకే దాన్ని వెనకేసుకొస్తావు? తియ్యకపోతే చేతులకి ఎలా..." అంటూనే మూటలోకి చూసింది. నీలిమందు డబ్బా గిన్నెల మధ్య ఉంది. మొన్న తనే మూతకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి కట్టింది. ఆ కట్టు కట్టినట్టే ఉంది. అక్క ఆ డబ్బానీ, కూతుర్నీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. అతను బండి తలుపు పట్టుకుని నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

"ఏంటిది? ఏమైంది? ఎవరైనా నాకు చెబుతారా లేదా?"

 ఫోనులో అక్క అన్న ఇంకో మాట మేడమ్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దాని భుజాలు పట్టుకుని దగ్గరికి తీసుకుంది.

"బంగారం, ఒక్కసారి రెండు చేతులూ ఇలా ముందుకు చాపు. ఊఁ, నాలాగే. ఇప్పుడు వేళ్ళు ఆకాశంవైపు పెట్టు."

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి భుజం దగ్గర లేచింది, మోచెయ్యి దగ్గర లేచింది, మణికట్టు దగ్గర వంగి కిందికి వేలాడింది. గుమ్మంలో కూర్చున్న తాతయ్య చేతులు వేలాడినట్టే.

పిల్ల భయంభయంగా ఒకసారి తల్లివైపు చూసి, పిన్ని చెవి దగ్గరికి నోరు తెచ్చింది.

"నేను తాతయ్యని వెక్కిరించట్లేదు పిన్నీ. అది లేవట్లేదు."